పాత విలువను చెరపకండి: సింగరేణి సీఎండీ గారికి బహిరంగ లేఖ

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



ఉత్పత్తి లక్ష్యాల మీద, లాభాల వాటా మీద, కొత్త గనుల మీద మీకు లేఖలు వస్తూనే ఉంటాయి. ఈ లేఖ కంపెనీ కంప్యూటర్ల లోపల, మామూలు మనిషి కంటికి ఆనని ఒక చోటు గురించి. కార్మికుడి పేరులో ఎన్ని అక్షరాలు పట్టాలి, పుట్టిన తేదీ ఏ రూపంలో ఉండాలి, హోదాల జాబితాలో ఏవేవి ఉండాలి, బొగ్గు గ్రేడును ఎన్ని గుర్తులతో రాయాలి అనే నిర్ణయాలు అక్కడ ఉంటాయి. ఇలా ఒక సంస్థ తన అవసరానికి తగ్గట్టు రాసుకున్న నిర్వచనాలను డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో యూజర్ డిఫైన్డ్ డేటా టైపులంటారు. కార్మికుడి గుర్తింపును మోసే టైపులను మార్చే పనిని ఐటీ విభాగం లోపలి వ్యవహారంగా వదిలేయవద్దని మీకు నా విన్నపం. అలాంటి ప్రతి మార్పూ సర్క్యులర్ ద్వారా, అందరికీ తెలిసేలా, పాత విలువను తేదీతో సహా నిలబెట్టుకుంటూ జరగాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

డేటాబేస్‌లో పుట్టుకతో ఉండే టైపులు కొన్నే: అంకె, అక్షరాల వరుస, తేదీ, అవునా కాదా. సంస్థల అవసరాలు అంతకంటే నిర్దిష్టంగా ఉంటాయి కాబట్టి, 'ఉద్యోగి పేరు అంటే నలభై అక్షరాల లోపు ఉండాలి, ఖాళీగా ఉండరాదు' అని ఒక్కసారి నిర్వచించి, పేరు కావలసిన ప్రతి టేబుల్‌లోనూ ఆ నిర్వచనాన్నే వాడతారు. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం డొమైన్ అన్న పేరుతో ఈ సౌకర్యం కల్పించింది; 1999 ప్రమాణం ఇంకా పెద్ద నిర్మాణాలకు వీలిచ్చింది. దీనివల్ల మస్టరులో, జీతం పట్టీలో, ఆస్పత్రి రికార్డులో, క్వార్టరు కేటాయింపులో, గ్రాట్యుటీ లెక్కలో పేరు ఒకే కొలతలో ఉంటుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఇన్ని టేబుళ్లు ఒకే నిర్వచనం మీద ఆనుకుని ఉన్నప్పుడు దాన్ని కదిలిస్తే అన్నీ కదులుతాయి.

ఈ సంగతి డేటాబేస్ తయారీదారులకు బాగా తెలుసు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్రియేట్ టైప్ ఉంది, డ్రాప్ టైప్ ఉంది, ఆల్టర్ టైప్ మాత్రం లేదు. వాడుకలో ఉన్న టైపును తీసేయబోతే అది ఒప్పుకోదు. కొత్త టైపును వేరే పేరుతో కట్టుకుని, పాత టైపు వాడుతున్న కాలమ్‌లను ఒక్కొక్కటిగా దాని మీదికి తేవాలి. దారిలో అడ్డం వచ్చే ఇండెక్సులను, నిబంధనలను, వ్యూలను విప్పి మళ్లీ కట్టాలి. స్టోర్డ్ ప్రొసీజర్ల పారామీటర్లను వెతికి సరిచేయాలి. పాతదాన్ని తీసేసే వంతు ఆ తర్వాతే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇంకొంత వెసులుబాటు ఇస్తుంది. విలువల జాబితాగా నిర్వచించిన టైపుకు కొత్త విలువ చేర్చడం 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి సాధ్యమైంది, ఉన్న విలువ పేరు మార్చడం 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి సాధ్యమైంది; ఒక విలువను జాబితాలోంచి తొలగించే ఆదేశం నేటికీ లేదు. ఒరాకిల్ అయితే టైపు మార్చే వేళ అడుగుతుంది: దీని మీద ఆధారపడ్డవాటికి కూడా మార్పు పాకించాలా, చెల్లనివని గుర్తుపెట్టి వదిలేయాలా, టేబుళ్లలో ఇప్పటికే ఉన్న డేటాను వెంటనే మార్చాలా వద్దా అని. మార్కెట్లో ఒకరితో ఒకరు పోటీపడే తయారీదారులు ఈ ఒక్క విషయంలో ఒకే తీరుగా ఆలోచించారు. బోర్డ్ అండ్ పిల్లర్ బాయిలో పైకప్పు దేని మీద నిలబడి ఉందో లెక్క తీయకుండా బొగ్గు స్తంభాలను తీసే డీపిల్లరింగ్ మొదలుపెట్టరు కదా, టైపు మార్పు విషయంలో యంత్రం అడిగేది కూడా ఆ లెక్కే.

బొగ్గు పరిశ్రమ ఇలాంటి పెద్ద మార్పును ఒకసారి చేసి చూసింది. 2012 జనవరి 1 నుంచి దేశమంతటా నాన్ కోకింగ్ బొగ్గు గ్రేడును కొలిచే పద్ధతే మారింది. అంతకు ముందు ఉన్నది యూస్‌ఫుల్ హీట్ వాల్యూ: బూడిద, తేమ శాతాలను కూడి 138తో గుణించి, ఆ మొత్తాన్ని 8900 లోంచి తీసేస్తే వచ్చే సంఖ్య. దాన్ని బట్టి ఏ నుంచి జీ దాకా ఏడు గ్రేడులు. 6200 దాటితే ఏ. 3360 దాటి 4200 వరకు ఈ. 2400 దాటి 3360 వరకు ఎఫ్. 1300 దాటి 2400 వరకు జీ. కొత్త పద్ధతి గ్రాస్ కెలోరిఫిక్ వాల్యూ మీద నడుస్తుంది. కిలోకు 7000 కిలో కెలోరీలు దాటితే జీ1. అక్కడి నుంచి 300 చొప్పున దిగుతూ, 2200 దాటి 2500 వరకు ఉన్నది జీ17. ఏడు విలువల జాబితా పదిహేడు విలువలదైంది, ఒక్క అక్షరంతో సరిపోయే గుర్తు మూడు అక్షరాల దాకా పెరిగింది, వెనకాల ఉన్న కొలత కూడా వేరైపోయింది. పాత ఎఫ్ గ్రేడు ఒక్కటే 960 కిలో కెలోరీల వెడల్పు. కొత్త బ్యాండు 300. పైగా ఒకటి బూడిద, తేమల నుంచి లెక్కగట్టినది, మరొకటి కెలోరీమీటర్‌లో కొలిచినది. కాబట్టి ఒక పాత అక్షరం కచ్చితంగా ఒకే కొత్త నంబరుగా మారే దారి లేదు.

ఇలాంటి చోట టైపును సగం మార్చి సగం వదిలేస్తే ఏమవుతుందో చూడండి. గ్రేడుకు ఒక్క అక్షరం చాలిన కాలంలో రాసిన టైపు ఉంది. కొత్త గ్రేడుల కోసం టేబుల్‌లోని కాలమ్‌ను వెడల్పు చేశారు, ఆ కాలమ్‌లోకి విలువ పంపే ప్రొసీజర్ పారామీటరు మాత్రం పాత టైపులోనే ఉండిపోయింది. కాలమ్‌లోకి పట్టని విలువ నేరుగా వస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా తప్పు చూపించి ఆపేస్తుంది. పారామీటర్‌లోకి పట్టని అక్షరాల వరుస వస్తే మాత్రం ఏ చప్పుడూ లేకుండా కత్తిరిస్తుంది. జీ10 అని పంపితే లోపలికి చేరేది జీ. ఆ జీ చెత్త విలువ అయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. కానీ అది పాత జాబితాలో సక్రమంగా ఉన్న గ్రేడు, అన్నిటికంటే అడుగున ఉన్న గ్రేడు. తనిఖీలన్నీ దాన్ని సరైనదిగానే లెక్కేస్తాయి. పక్కనే ఉన్న 2600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ కేంద్రం లాంటి కొనుగోలుదారు కట్టే ధర గ్రేడును బట్టే కదా. ఆ ఒక్క అక్షరం విలువ ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. టైపు మార్పులో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పొరపాటు విలువ చెల్లుబాటు విలువలా కనబడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి బయటపడదు.

బొగ్గు విషయంలో ఒక మేలు ఉంది. మార్పుకు ఒక తేదీ ఉంది, ఉత్తర్వు ఉంది, కొనేవాడికీ అమ్మేవాడికీ తెలుసు. 2011 డిసెంబరు బిల్లును పాత కొలతలో, 2012 జనవరి బిల్లును కొత్త కొలతలో చదవవచ్చు. ఆ బొగ్గు తీసే మనిషి రికార్డుకు కూడా ఈ మర్యాద దక్కాలన్నదే నా వాదన.

పేరుతో మొదలుపెడతాను. సింగరేణిలో మారుపేర్ల సమస్య పాతది. ఒక పేరుతో పనిలో చేరి, ఊళ్లో, రేషన్ కార్డులో, పిల్లల సర్టిఫికెట్లలో మరో పేరుతో బతికిన కార్మికుల మాట సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఏళ్లుగా ఉంది. గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా మళ్లీ వినబడుతుంది. పని చేసినన్నాళ్లు ఈ తేడా పెద్దగా అడ్డం రాదు. చివర్లో వస్తుంది: మెడికల్ బోర్డు పనికి అనర్హుడని తేల్చి ఇన్‌వాలిడేషన్ చేశాక కొడుకో కూతురో కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టినప్పుడు, భర్త పోయాక భార్య పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరిగినప్పుడు. ఈ సమస్యలో విచారణ చేయాల్సిన భాగం, చట్టం తేల్చాల్సిన భాగం చాలా ఉంది. దాన్ని డేటాబేస్ పరిష్కరించదు. కానీ విచారణలో రెండో పేరు కూడా ఆ మనిషిదేనని తేలిన తర్వాత ఏమవుతుంది? ఒక ఉద్యోగికి ఒకే పేరు అని టైపు నిర్వచించి ఉంటే, నిజమని రుజువైన ఆ రెండో పేరుకు చోటు లేదు. పాతదాన్ని చెరిపి కొత్తది రాయాలి, లేకపోతే కొత్తదాన్ని కాదనాలి. చెరిపితే ముప్పై ఏళ్ల మస్టర్లకూ, ఫారం-బి రిజిస్టరుకూ, పీఎఫ్ ఖాతాకూ ఆ మనిషితో ఉన్న బంధం తెగిపోతుంది. కాదంటే కుటుంబం రోడ్డు మీద పడుతుంది. గుమాస్తా ఎంత మంచివాడైనా ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిందే, ఎందుకంటే మూడో దారికి కంప్యూటర్‌లో గడి లేదు.

ఆ మూడో దారి సాంకేతికంగా కష్టమేమీ కాదు. పేరు అంటే ఒక అక్షరాల వరుస అన్న నిర్వచనాన్ని మార్చి, పేరు అంటే అక్షరాల వరుస, అది ఏ పత్రం ఆధారంగా వచ్చింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లింది, ఎవరి ఉత్తర్వుతో ఎక్కింది అనే నాలుగు సంగతులు కలిసిన నిర్మాణంగా రాయవచ్చు. ఒక ఉద్యోగి నంబరు కింద అలాంటివి ఎన్నయినా ఉండవచ్చు. ఈ రోజు చెల్లుబాటయ్యేది ఒకటే ఉంటుంది. రికార్డులో ఉన్న మనిషి ఒక్కడే అని రుజువు చేయడానికి పాత పేరు నిలిచి ఉండటం కంటే మంచి సాక్ష్యం లేదు.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు ఒకే పేరుకు నాలుగైదు రూపాలు పుడతాయి. లక్ష్మి అన్న పేరునే ఎన్ని రకాలుగా రాస్తారో ఏ ఆఫీసు ఫైలు చూసినా తెలుస్తుంది. ఆధార్ కార్డు మీద తెలుగులో కూడా పేరు ఉంటుంది కాబట్టి, తెలుగు రూపాన్ని కూడా నిలవ చేసుకుంటే సగం తగాదాలు పుట్టకముందే ఆగుతాయి. కానీ పాత టైపులు దాన్ని మోయలేవు. యూనికోడ్ కాని వార్‌చార్ టైపు కాలమ్‌లో తెలుగు రాస్తే ప్రశ్నార్థకాల వరుసే మిగులుతుంది. యూనికోడ్ ఉన్నా పొడవును బైట్లలో కొలిస్తే మరో చిక్కు వస్తుంది. 'గోదావరిఖని' కంటికి ఆరు అక్షరాలు, యూనికోడ్‌లో పది సంకేతాలు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. ఇంగ్లిష్ పేర్లను తలచుకుని 30 బైట్లు చాలనుకున్న టైపులో మా ఊరి పేరుతోనే జాగా నిండిపోతుంది. ఇంటిపేరుతో కలిపిన మనిషి పేరు ఇక ఎక్కడ పడుతుంది? పట్టక కత్తిరిస్తే వచ్చే ప్రమాదం గ్రేడు విషయంలో చూసినదే. 'రాజేశ్వరరావు' తోక తెగి 'రాజేశ్వర' అయితే అదీ నిజమైన పేరే; యంత్రానికి అనుమానం రాదు, ఆధార్‌తో సరిపోల్చినప్పుడు మాత్రం వేరే మనిషవుతాడు.

పుట్టిన తేదీ ఇంకా లోతైన విషయం. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1గా, నెల కూడా తెలిస్తే ఆ నెల 16గా తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. దేశంలో ఒక తరం కార్మికుల వయసులు ఇలా ఊహతో పూరించిన రోజులతోనే రికార్డులకు ఎక్కాయి. ఇది తప్పని అనను. ఏదో ఒక రోజు రాయకపోతే రిటైర్మెంటు లెక్క నడవదు. లోపం టైపులో ఉంది. తేదీ టైపు పూర్తి తేదీనే అడుగుతుంది, రాసిన తర్వాత అది రుజువైన జూలై ఒకటో, ఊహించిన జూలై ఒకటో చెప్పదు. బొగ్గు పరిశ్రమలో వయసు వివాదాలకు యాజమాన్యాలు, సంఘాల ఉమ్మడి కమిటీ జేబీసీసీఐ 76వ ఇంప్లిమెంటేషన్ ఇన్‌స్ట్రక్షన్ ఒక క్రమం పెట్టింది. మెట్రిక్యులేషన్ చదివినవారికి ఆ సర్టిఫికెట్టు, చదవనివారికి ఇతర పత్రాలు, అవీ లేనివారికి వైద్యుల నిర్ధారణ. అంటే ఏ తేదీకి ఎంత బరువైన ఆధారం ఉందో పరిశ్రమే తేడా చూపిస్తున్నది. ఆ తేడా కాగితం మీద ఉండి, డేటాబేస్‌లో అన్ని తేదీలూ ఒకే బరువుతో కూర్చుంటే, ఇరవై ఏళ్ల తర్వాత ఫైలు దొరకని రోజున కార్మికుడి దగ్గర మిగిలేది తెరమీద కనబడే అంకె ఒక్కటే. తేదీతో పాటు అది ఎంతవరకు కచ్చితం, ఏ ఆధారం మీద నిలబడింది అన్న రెండు అంశాలు చేర్చడం పెద్ద పని కాదు. పాత టేబుల్‌లోని తేదీ కాలమ్‌ను ముట్టుకోనక్కరలేదు కూడా.

నియమాలు మారినప్పుడు విలువలు వెనక్కి కూడా నడుస్తాయని సింగరేణికి అనుభవమే. పదవీ విరమణ వయసును 60 నుంచి 61కి పెంచుతూ 2021 జూలైలో తీసుకున్న నిర్ణయం మార్చి 31 నుంచే అమల్లోకి వచ్చింది. మధ్యలో దిగిపోయినవాళ్లకు మళ్లీ పనిలోకి వచ్చే వీలు కలిగింది. 'రిటైర్డ్' అన్నది ఒకసారి పడితే తిరిగి రాని విలువ అని ఏ టైపైనా అనుకుని ఉంటే, ఆ నెలల్లో అది అబద్ధమైంది. కారుణ్య నియామకాలకు గరిష్ఠ వయోపరిమితి 2024లో 35 నుంచి 40 అయింది. ఇవన్నీ న్యాయమైన మార్పులు, కార్మికులు పోరాడి సాధించుకున్నవి. 35 అన్న అంకెను ఒక డొమైన్ నిబంధనలో ఒక్క చోట రాసి, అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో పక్కన రాస్తే ఇలాంటి నిర్ణయం ఒక్క రోజులో అమలవుతుంది. పది ప్రోగ్రాముల్లో పది చోట్ల రాసి ఉంటే తొమ్మిది మారి పదోది మిగిలిపోతుంది, ఆ పదో చోట దరఖాస్తు తిరస్కరణకు గురైన పిల్లవాడికి కారణం కూడా తెలియదు.

ప్రభుత్వాలు ఈ పద్ధతిని బయటి ప్రపంచంలో పాటిస్తూనే ఉన్నాయి. రామగుండం 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు కరీంనగర్ జిల్లా అని రాసిన జనన పత్రాన్ని ఎవరూ దిద్దలేదు. బండి నంబర్లు ఏపీ నుంచి టీఎస్‌కు, 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారాయి. పాత ప్లేట్ల బండ్లు అవే నంబర్లతో తిరుగుతున్నాయి. కొత్త విలువ చేరింది, పాతది చెల్లుతూనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ విలువ చేర్చనిస్తుంది కానీ తీయనివ్వదని పైన చెప్పింది ఇదే.

ఇక దీనికి వచ్చే అభ్యంతరాలు. ఇదంతా ఐటీ విభాగం చూసుకునే సాంకేతిక వివరం, దీని మీద సర్క్యులర్లెందుకు అని మొదట అంటారు. ఇండెక్సు ఎలా కట్టాలన్నది సాంకేతిక వివరమే, దాంట్లో ఎవరూ వేలు పెట్టకూడదు. కానీ ఒక మనిషికి ఎన్ని పేర్లు ఉండవచ్చు, తెలియని తేదీని తెలిసినట్టు రాయవచ్చా అన్నవి పాలనా నిర్ణయాలు. అవి ప్రోగ్రామర్ చేతిలో పడితే తప్పు ప్రోగ్రామర్‌ది కాదు. పై నుంచి ఎవరూ చెప్పకపోతే అతను ఏదో ఒకటి రాయక తప్పదు, రాసిందే రేపు కంపెనీ విధానమైపోతుంది.

ఖర్చు, ప్రమాదం అన్నది రెండో మాట. వేలమంది జీతాలు నడిచే వ్యవస్థను కదిలిస్తే ఒక నెల జీతం ఆగినా గొడవేనన్న భయం సహజం. అందుకే పాతదాన్ని తీసి కొత్తది పెట్టమని నేను అడగడం లేదు, పక్కన చేర్చమంటున్నాను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఒక డొమైన్‌కు కొత్త నిబంధన పెట్టేటప్పుడు, పాత రికార్డులను ఇప్పుడే తనిఖీ చేయకుండా కొత్తవాటికి మాత్రం వర్తింపజేసి, పాతవి సరిచూసుకున్నాక నిబంధనను పూర్తిగా ధ్రువీకరించే వీలుంది. పనిని అలాగే విడదీయవచ్చు: రేపటి నుంచి చేరేవారికి కొత్త నిర్మాణం, పాతవారికి ఏరియాల వారీగా పరిశీలన. ఏమీ చేయకపోతే ఖర్చు లేదనుకోవడం సరికాదు. ఆ ఖర్చు ఏరియా ఆఫీసుల పర్సనల్ విభాగాల్లో, లేబర్ కోర్టుల్లో, కుటుంబాలు అటూ ఇటూ తిరిగే బస్సు చార్జీల్లో ఇప్పటికే పడుతున్నది; కంపెనీ ఖాతాలో ఆ పేరుతో కనబడదంతే.

శాప్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వ్యవస్థలో తయారీదారు ఇచ్చిన టైపులను మనం ముట్టుకోకూడదన్న మాట కూడా ఉంది. నిజమే, ముట్టుకోకూడదు. కానీ సంస్థలు తమ అవసరానికి సొంత డొమైన్లు, సొంత టేబుళ్లు చేర్చుకునే దారి శాప్‌లోనే ఉంది. పైగా ఈ పని ఎలా చేయాలో శాప్ తానే చేసి చూపించింది. దశాబ్దాలుగా 18 అక్షరాలకు పరిమితమైన మెటీరియల్ నంబరును తన కొత్త తరం సాఫ్ట్‌వేర్ ఎస్/4 హానాలో 40కి పెంచింది. ప్రపంచమంతటా లెక్కలేనన్ని ప్రోగ్రాములు దాని మీద ఆధారపడి ఉన్నాయని తెలిసి, పాత ఇంటర్‌ఫేసులు పనిచేస్తూనే ఉండే ఏర్పాటు పెట్టి, పొడవైన నంబరు కావాలా వద్దా అన్నది వాడే సంస్థ ఎంచుకునేలా వదిలింది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మోసం గురించి. రెండు పేర్లకు చోటిస్తే, వారసులు కానివాళ్లు వారసులమంటూ వస్తారు, దళారులు పుడతారు అంటారు. బొగ్గు బాయి ఉద్యోగం కోసం ఈ ప్రాంతంలో ఏమేం జరిగాయో తెలిసిన ఎవరూ ఈ మాటను కొట్టిపారేయలేరు. నేనూ కొట్టిపారేయను. కానీ దళారి బతికేది ఎక్కడ? రికార్డు ఒక్క పేరునే చూపించి, ఆ పేరు ఎప్పుడు ఎవరు మార్చారో చూపించని చోట. చెరిపి రాసే వ్యవస్థలో ఒకసారి పేరు మారిందంటే ఇక అది మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు కనబడుతుంది. తేదీ, ఆధారం, ఉత్తర్వు, అధికారి హోదా పక్కనే నిలిచే వ్యవస్థలో ప్రతి మార్పూ తన వెనక జాడ వదులుతుంది. పదేళ్ల తర్వాత విజిలెన్సు అధికారి దాన్ని తిరగేసి చూడగలడు. నిజమైన మారుపేరు కార్మికుడికి ఆ జాడ రక్షణ, మోసగాడికి భయం. విచారణ కఠినంగా ఉండాలనే నేనూ కోరతాను. తేల్చిన నిజాన్ని రాసుకోవడానికి చోటు లేకపోవడం మాత్రం కఠినత్వం కాదు.

చట్టం కూడా ఈ దిక్కుగానే కదులుతున్నది. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, ఒక వ్యక్తి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సంపూర్ణంగా, సరిగ్గా, పొంతనతో ఉండేలా చూసుకునే బాధ్యతను సమాచారం పెట్టుకున్న సంస్థ మీద పెట్టింది; దిద్దించుకునే హక్కును మనిషికిచ్చింది. పొంతన అన్న చోట సింగరేణి ఒంటరిగా ఏమీ చేయజాలదు. కార్మికుడి పీఎఫ్, పింఛను 1948 చట్టం కింద, 1998 పింఛను పథకం కింద కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ (సీఎంపీఎఫ్) సంస్థ చేతిలో ఉన్నాయి. కంపెనీ తన పేరు టైపును వెడల్పు చేసి సీఎంపీఎఫ్ చేయకపోతే, రెండు వ్యవస్థల మధ్య ఫైలు వెళ్లే దారిలోనే పేరు మళ్లీ తెగుతుంది. గ్రేడు ఉదాహరణలో ప్రొసీజర్ పారామీటరు చేసిన పనే అక్కడ ఇంకో సంస్థ చేస్తుంది. అందువల్ల ఈ నిర్వచనాలు రెండు సంస్థలూ కలిసి రాసుకోవలసినవి, రాసుకున్నవాటిని కార్మిక సంఘాల ముందు, కార్మికుల ముందు పెట్టవలసినవి. ఎవరి వివరాలూ బయటపెట్టమని అడగడం లేదు. పేరుకు ఎంత చోటుందో, తేదీకి ఏ ఆధారాలు ఒప్పుకుంటారో, హోదాల జాబితాలో ఏవి ఉన్నాయో, ఏది ఎప్పుడు మారిందో తెలిపే పట్టిక చాలు. అందులో దాచవలసిన రహస్యం ఏదీ లేదు.

మొదలు పెట్టడానికి రామగుండంలోని ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాలు అనువైనవని నా అభిప్రాయం. సీఎంపీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం గోదావరిఖనిలోనే ఉంది. రెండు సంస్థల అధికారులు ఒకే ఊళ్లో కూర్చుని, ఈ మూడు ఏరియాల్లో రిటైర్మెంటుకు రెండేళ్ల లోపు ఉన్నవారి పేర్లు, తేదీలు ముందు సరిచూడవచ్చు. తేడా కనబడిన ప్రతి కార్మికుడికి, అతను ఇంకా డ్యూటీలో ఉండగానే, అతని రికార్డులో ఏముందో, ఏ ఆధారం మీద ఉందో తెలుగులో ముద్రించిన కాగితం చేతికివ్వండి. అతను తెచ్చిన పత్రాన్ని కొత్త వరుసగా ఎక్కించండి, పాత వరుసను ముట్టుకోకండి. ఈ మేరకు ఒక సర్క్యులర్ మీ సంతకంతో వెలువడాలని కోరుతున్నాను.

భవదీయ,
సింగరేణి ప్రాంతవాసి
గోదావరిఖని